వరద రోజు సర్దిన సంచీ

భార్య సంచీ సర్దుతోంది. సబ్బు, తువాలు, మందుబిళ్ళలు, మందపాటి దుప్పటి.

వీధి వీధంతా నీళ్ళాయన అని పిలుచుకునే ఆమె భర్త, బూట్ల తాళ్ళు బిగించుకుంటూ నవ్వాడు.

"అంత సంచీ ఎందుకే? నేనేమన్నా కాపురానికి పోతున్నానా?"

"మీ కాపురం అక్కడేగా. ఈ ఇంటికి చుట్టపుచూపుగా వస్తుంటారు."

నదికి వరదొస్తే నీళ్ళాయనకు పూనకమే. నీటిమట్టం ఎంతో వంతెన కింది యంత్రం ఫోనుకే పంపుతుంది. నీరు ఎంత వేగంగా పోతోందో కొలవాలంటే మాత్రం, ఉక్కుతాడుకు వేలాడే ట్రాలీ ఎక్కి మనిషి నది నడుమకు పోవాలి. ఆ మనిషి తానే కావాలని ఆయన పట్టు. పోయినేడు ట్రాలీ ఒరిగి, చావు తప్పి కన్ను లొట్టపోయింది. పాపం, ఆఫీసులో కుర్చీ ఇస్తామన్నారు. కుర్చీ కింద సుడిగుండం లేదని కాబోలు, వద్దన్నాడు.

"ఇవాళైనా మానండి" అంది ఆమె. "వరదొచ్చినప్పుడల్లా విధవనై, మీరు గుమ్మంలోకి రాగానే మళ్ళీ పెళ్ళికూతురినై... విసుగొచ్చిందండీ."

"పిచ్చిదానా! నీళ్ళు వేలెడు పెరిగినా పసిగట్టే కళ్ళివి. నాకేమవుతుంది?"

"అవును మరి. మీ కంటపడనిది ఏముంది!"

మెచ్చుకుందనుకుని మీసం దువ్వుకున్నాడు. బయట జీపు హారను మోగింది.

"ఇవాళ సంచీ వద్దులే. మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తా."

"మీ ఇష్టం." ఆమె జిప్పు లాగింది. "అన్నం మూతపెట్టి ఉంటుంది."

గుమ్మం దాకా వచ్చింది. జీపు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

నది నడుమ ట్రాలీ ఉయ్యాలలా ఊగింది. కొట్టుకొచ్చిన మాను ఒకటి, నీళ్ళలోకి దించిన కొలత పరికరానికి తగులుకుంది. ట్రాలీ పక్కకు ఒరిగింది. ఉక్కుతాడు కిర్రుమంది.

"సార్, పరికరం తాడు కోసెయ్యండి! ప్రాణం ముఖ్యం!" ఒడ్డున డ్రైవరు గుండెలు బాదుకున్నాడు.

"ఉండవయ్యా, ఇంకొక్క కొలత!" అన్నాడు నీళ్ళాయన.

ఎలాగో మాను వదిలింది, ట్రాలీ నిలదొక్కుకుంది, నీళ్ళాయన అన్నమాట ప్రకారం మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. పొద్దున ఆ సంచీ భుజాన వేసుకుని బస్సెక్కిన ఆయన భార్య మాత్రం ఆ రోజూ రాలేదు, వరద తీశాకా రాలేదు, ఇక ఎన్నడూ రాలేదు.