పది అంకెల లెక్క

కొండ లోపల పొడవుగా, ఇరుగ్గా తొలిచిన గదిలో రాళ్లను విరగ్గొట్టి బలం తేల్చడం అతని ఉద్యోగం. కాపలా మామ అతన్ని డాక్టరని పిలిచేవాడు. రాయి పై సగాన్ని ఒకవైపు, కింది సగాన్ని మరోవైపు యంత్రం నెడుతుంటే, డాక్టరు రాయికి స్టెతస్కోపు ఆనించి వినేవాడు. ముందు టిక్కుమంటుంది. టిక్కులు చిక్కబడతాయి. ఉన్నట్టుండి సద్దుమణుగుతుంది. అప్పుడు మూడడుగులు వెనక్కి వేయాలి. గుమ్మంలోంచి మామ సరదాగా అంకెలు లెక్కపెట్టేవాడు. పది లోపే రాయి అడ్డంగా తెగేది. ఇరవై ఏళ్లలో ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ రాత్రి చివరి రాయి తెగాక, డాక్టరు యంత్రం ఆపేసి ముక్కలు బుట్టలో వేశాడు.

టిక్కు.

"ఎలుకేమోలే డాక్టరూ."

"ఎలుకేదో రాయేదో తెలీకుండానే ఈ జుట్టు నెరిసిందా మామా?" అని నవ్వి, స్టెతస్కోపును ముక్కలకు ఆనించాడు. ఏమీ లేదు. యంత్రానికి ఆనించాడు. అక్కడా లేదు. గోడకు ఆనించాడు.

గోడ నిండా అదే చప్పుడు. అప్పటికే చిక్కబడింది.

"ఏమంటోంది?" అన్నాడు మామ.

డాక్టరు నోరు తెరిచేలోగా చప్పుడు ఆగిపోయింది. అలవాటైన కాళ్లు వెనక్కి కదిలాయి. రెండో అడుగుకే వీపు అవతలి గోడకు తగిలింది. అదీ ఆ కొండే.

అతను వెనక్కి జరగడం చూసి, గుమ్మంలో మామ ఎప్పటిలాగే హుషారుగా మొదలుపెట్టాడు.

"ఒకటి..."