చుక్క డీజిలు తాగని గోడ

మేస్త్రమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. పర్యావరణానికి మేలు చేసే ఇళ్ల ప్రదర్శన మొదలైపోయింది. అటు మట్టి ఇటుకల స్టాలు, ఇటు వెదురు పైకప్పుల స్టాలు జనంతో కళకళలాడుతున్నాయి. మధ్యలో ఆమెకిచ్చిన చోట మాత్రం ఉత్త నేల! పాత ఇళ్లు విప్పగా వచ్చిన సామానుతో కొత్త ఇళ్లు కట్టడం ఆమె పని. ఆ సామానేమో లారీలో ఉంది. లారీయేమో దారిలో చతికిలబడింది.

పోతే పోనీలే అనుకోవడానికి లేదు. మొదటి బహుమతి ఎవరికొస్తే కొత్త బడి కట్టే పని వాళ్లదే. చాన్నాళ్లుగా చేతిలో పనుల్లేవు. ఇది కూడా చేజారితే తనని నమ్ముకున్న కూలీలందర్నీ ఇళ్లకి పంపెయ్యాలి.

"కంగారుపడకక్కా, నేనున్నాగా!" అన్నాడు తమ్ముడు.

వాడు అలా అంటేనే ఆమెకి కంగారు. కానీ ఈసారి మాట నిలబెట్టుకున్నాడు. కాసేపటికల్లా కూలీలతో కలిసి పొడవాటి చెక్కలూ దూలాలూ మోసుకొచ్చి దబ్బున పడేశాడు.

"ఎక్కడివిరా ఇవి?"

"ఆ వెనకాల కుప్పగా పడున్నాయే. పట్టించుకునే నాథుడే లేడు."

మేస్త్రమ్మ ఒక చెక్కని వేలితో కొట్టి చూసింది. "ఇంత గట్టి కర్రని పారేయడానికి చేతులెలా వచ్చాయిరా వీళ్లకి!" అని తిట్టుకుంటూనే నడుం బిగించింది.

మధ్యాహ్నానికల్లా ముచ్చటైన గది లేచింది. అంతలో న్యాయనిర్ణేతలు రానే వచ్చారు. వాళ్లలో బుర్రమీసాల ఇంజనీరుగారు గోడని ప్రేమగా నిమిరారు.

"కర్ర ఎంత దూరం నుంచి తెప్పించావమ్మా?"

"దూరమేంటి సార్, ఇక్కడిదే!" తమ్ముడు అందుకున్నాడు. "మా భుజాల మీదే వచ్చింది. చుక్క డీజిలు తాగలేదు."

"మరి మేకులు?"

"ఒక్కటీ కొట్టలేదండీ," అంది మేస్త్రమ్మ. "చెక్కలకి బోల్టు కన్నాలు ముందే ఉన్నాయి. విప్పేస్తే ఎలా ఉన్నవి అలాగే మళ్లీ వాడుకోవచ్చు."

"శభాష్! పొదుపంటే ఇదమ్మా!" అంటూ ఆయన పక్కవాళ్లని కూడా పిలిచి మరీ చూపించారు.

సాయంత్రం మైకు గరగరలాడింది. మొదటి బహుమతి మేస్త్రమ్మకే! ఆమె ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ తమ్ముడి వీపు మీద ఒక్కటిచ్చింది. "బంగారు కొండవిరా! ఇంకెప్పుడూ నిన్ను తిట్టను, ఒట్టు!" కూలీలు ఈలలేశారు. బడికి ఎన్ని కిటికీలు పెట్టాలో అప్పుడే వాదించుకోవడం కూడా మొదలెట్టారు.

"విజేతలు బహుమతి అందుకోవడానికి దయచేసి వేదిక మీదికి..." అంటూనే ప్రకటన ఠక్కున ఆగింది.

ఆపేశాననుకున్న మైకులోంచి నిర్వాహకుడి గొంతు మైదానమంతా మార్మోగింది: "ఒరేయ్, సాయంత్రం వేదిక బిగిద్దామని పొద్దున్న వెనకాల దింపించిన చెక్కలేవిరా?"