ఆరు డబ్బాల ప్యాసింజర్

“చెయ్యి పెట్టకండ్రి అక్కా, రంగు పోతది,” అన్నాడు శంకర్రావు.

దర్శన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

నాగ్‌పాడాలో పాత సామాన్ల దుకాణం అతనిది. బల్ల మీద బొమ్మ ప్యాసింజర్ రైలు ఉంది. నల్లటి ఇంజను, వెనక ఎర్ర డబ్బాలు. ఒక్కోటి జానెడే గాని, లోపల చెక్క బల్లలున్నాయి, పైకీ కిందికీ కదిలే కిటికీ రెక్కలున్నాయి. ఇలాంటిది ఇంకోటి దొరకదని, సేకరించేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి అడుగుతున్నారని శంకర్రావు చెప్పాడు.

అది మొత్తం ఆరు డబ్బాల రైలు. బల్ల మీద అయిదే ఉన్నాయి.

ఆరోది మూలన స్టూలు మీద కూర్చున్న ముసలాయన ఒళ్లో ఉంది.

ఆయన దాని కిటికీలను ఒక్కొక్కటే వేళ్లతో తడుముతున్నాడు. తడుముతూ వీధి వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. అంత అందమైన వస్తువు చేతిలో ఉండి దాని వంక చూడనైనా చూడడేమిటని దర్శనకు ఒళ్లు మండింది.

దర్శన లోకల్ స్టేషన్లో టికెట్ కిటికీ దగ్గర పనిచేస్తుంది. పొద్దస్తమానం ఊరందరికీ టికెట్లిచ్చే ఆమెకు, తనకంటూ ఒక రైలు ఉండాలని కోరిక. ఇంట్లో టీవీ పైన రెండు చిన్న ఇంజన్లు ఇప్పటికే ఉన్నాయి.

కానీ ఇల్లంటే కామాటిపురాలో, వరుస గదుల చాల్‌లో ఒకే ఒక్క గది.

“కొను, నేనొద్దంటనా?” అన్నాడు భర్త మంగేష్. “అది పరిస్తే మనమెక్కడ పండుకోవాలె, అది గూడ జెప్పు.”

కొనాలా వద్దా తేలలేదు. సెలవు రోజైన ప్రతి శనివారం వెళ్లి చూసి వచ్చేది.

ప్రతి శనివారం ముసలాయన అక్కడే ఉండేవాడు. శంకర్రావు ఆయనకు చాయ్ తెప్పించేవాడు. దర్శనకు ముట్టుకోవడానికైనా వీల్లేని డబ్బాలు ఆయన ఒడిలో పిల్లుల్లా పడుకునేవి.

ఒకసారి కారులో భార్యాభర్తలు వచ్చి రైలును బేరమాడారు. ముసలాయన వాళ్లను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. వాళ్లు మారు మాట్లాడకుండా వెళ్లిపోయారు. మరో వారం ఇంకొకాయనను కూడా అలాగే పంపించాడు.

దర్శనకు అంతా అర్థమైంది. దాన్ని తనే కాజెయ్యాలని చూస్తున్నాడు.

ఆ వారమంతా ఆమెకు రైలు గుర్తుకు రాలేదు. ఆ వేళ్లే గుర్తుకొచ్చాయి.

తర్వాతి శనివారం ముసలాయన ఇంకా రాకముందే వెళ్లింది.

“అన్నా, నేను తీసుకోవాల్నంటే ఒక్కటే మాట. ఆ ముసలాయనను దాని మీద చెయ్యి పెట్టనియ్యకు. చేతులు వణుకుతున్నయ్, ఏదన్న ఇరుగుతది.”

ఆయన చేతులు వణకవు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

శంకర్రావు ఏదో చెప్పబోయాడు. అంతలో ఎవరో గోడగడియారం బేరానికి వచ్చారు. వచ్చే వారం మాట ఖాయం చేస్తానని చెప్పి ఆమె బయటపడింది.

వారం తిరిగింది. దర్శన ఈసారి కొనడానికే బయలుదేరింది. మంగేష్ కిటికీ పైన పొడవాటి చెక్క కొట్టిస్తానన్నాడు.

స్టూలు ఖాళీగా ఉంది. ముసలాయన బయట ఫుట్‌పాత్ మీద, దుకాణం అద్దానికి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

దర్శన కడుపు చల్లబడింది. కొంచెం సిగ్గు కూడా వేసింది, కాని కొంచెమే.

ఫోనులో మంగేష్‌తో మాట్లాడుతూ దగ్గరికి రాగానే ఆయన ఇటు తిరిగాడు.

“నువ్వేనా బిడ్డా? తీసుకునేటట్లుంటే జల్దీ తీసుకో.”

“నాకేం తొందర లేదు తాతా. నీకున్నదా?”

“ఉన్నది,” అన్నాడాయన దాపరికం లేకుండా.

ఆ ఒక్క మాటకు ఆమెకు నిలువెల్లా మంటెత్తింది. దుకాణంలోకి అడుగు పెట్టకుండా అక్కడినుంచే వెనక్కి తిరిగింది. ఇంకో వారం అలాగే అద్దం బయట నిలబడనీ అనుకుంది.

మళ్లీ శనివారం వచ్చేసరికి అద్దం దగ్గర ఎవరూ లేరు. స్టూలు మీదా లేరు. ఆరు డబ్బాలూ బల్ల మీదే ఉన్నాయి.

గెలిచాననుకుంది దర్శన. కట్టివ్వమంది.

శంకర్రావు ఒక్కో డబ్బాను పాత పేపర్లో చుట్టి అట్టపెట్టెలో సర్దాడు. ఉండబట్టలేక ఆమే అడిగింది, ముసలాయన ఏడని.

“భూమయ్య తాతనా? బుధవారం ఆయన బిడ్డ వచ్చి ఊరికి తోల్కపోయింది. ఇగ రాడు. పోయిన శనివారం పొద్దుగూకేదాంక మీకోసమే నిలవడ్డడు, చక్రాలు ఎట్ల ఇప్పాల్నో చూపిస్తనని.”

“నాకోసమా? దీన్ని కొనాల్నని జూసింది ఆయననే గదా?”

శంకర్రావు ఆశ్చర్యంగా చూశాడు. ఆయన ఎన్నడూ కొంటాననలేదట. అడగవచ్చిన వాళ్లందరినీ, మనోళ్ల ఆడబిడ్డ ఒకామె దీని మీద మనసు పడ్డది, ఆమె ఏదో ఒకటి తేల్చుకునేదాకా ఆగండని చెప్పి పంపించాడట. ఆమె ముట్టుకోవద్దన్నదని శంకర్రావు చెప్పగానే, ఇగ అది ఆ బిడ్డ సొమ్ము అంటూ ఆయనే లేచి బయటికి వెళ్లాడట.

దర్శన చేతులు పెట్టె మీదే ఆగిపోయాయి.

“మరి ఎప్పుడు జూసినా గట్ల తడుముకుంట ఎందుకు కూసుంటుండె?”

శంకర్రావు దారం ముడి వేస్తూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

“కండ్లు పోయి రెండేండ్లాయె అక్కా, పదకొండేండ్లు కూసోని తన చేతులతో చేసుకున్న రైలును, చేతులతో గాక ఇంక దేనితోని చూసుకుంటడు?”