పెద్ద డిస్కులు

మెకానిక్ షఫీక్ నా కారుకి వేసినవి డూప్లికేట్ బ్రేక్ ప్యాడ్లని నా అనుమానం.

పాత బండే అయినా టర్బో కదా, రయ్యిన స్పీడందుకుంటుంది. బ్రేకు తొక్కితే మాత్రం పట్టినట్టే తెలియడం లేదు. నిన్న పర్చూరు సెంటర్లో మిర్చి బస్తాల ఆటోని గుద్దబోయి తప్పించుకున్నాను.

“పై మోడల్‌కి వచ్చే పెద్ద డిస్కులు వెయ్యి,” అన్నాను.

“అవసరం లేదండి బాపయ్య గారూ. మీ బ్రేకులు బానే ఉన్నాయి.”

తన పని బాగాలేదని తనే చెప్తాడా? నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చీరాల రోడ్డు మీద తోలి చూపించాడు. అతను తొక్కగానే బండి టక్కున ఆగింది. ఇందులోనూ ఏదో కిటుకు ఉందనుకున్నాను.

షెడ్డుకి తిరిగి రాగానే దిగి, “ఒంగోల్లో వేయించుకుంటాలే. తాళాలు ఇటివ్వు,” అంటూ విసురుగా నాలుగడుగులు వేశాను.

షఫీక్ నా వెనకే వచ్చాడు. తాళాలు ఇవ్వలేదు. అతని చేతిలో ఒక చెప్పు ఉంది.

“మీదేనండి. కారు దిగేటప్పుడు జారిపోయింది,” అన్నాడు. నా కాలి వంక చూస్తూ, “షుగర్ ఎన్నాళ్ల నుంచండీ?” అని అడిగాడు.

కిందికి చూశాను. మిట్టమధ్యాహ్నపు ఎండకి కాలిపోతున్న సిమెంటు మీద నా కుడికాలు, చెప్పు లేకుండా.

వేడి తెలియడం లేదు.