గాజుల వీధిలో ఆఖరి నడక

పాతబస్తీ గాజుల వీధిలో ఇప్పుడు మిగిలినవి ఖాళీ గోడలే. వీధి మొదట్లో ఇచ్చే డిజిటల్ కళ్లద్దాలు పెట్టుకుంటే మాత్రం వెనకటి దుకాణాలు కనబడతాయి, వెనకటి మనుషులు పలకరిస్తారు. ఈ సాయంత్రంతో ఆ బొమ్మలన్నీ చెరిపేస్తారని విని, భార్గవి కోడలితో కలిసి వచ్చింది.

"అత్తయ్యా, అదిగో మామయ్య! జుట్టు ఎంత నల్లగా ఉందో!"

"రంగేలే. నాచేతే వేయించుకునేవారు."

గాజుల మలారాల నడుమ చక్రధర్ నవ్వుతూ కూర్చున్నాడు. ఆయన పోయిన నాడు గాజులు తీసేసిన చేతిని భార్గవి మెల్లగా చాచింది. ఒక్కసారి పేరు పెట్టి పిలుస్తాడేమోనని ఊపిరి బిగబట్టింది.

ఏ ఆడమనిషి చెయ్యి చాచినా అనే మాటే ఆయన అన్నాడు.

"చెయ్యి వదులుగా పెట్టు తల్లీ, నొప్పి తెలియదు."

భార్గవి చేతిని వదులు చేసి, బొమ్మ చెరిగిపోయేదాకా అలాగే ఉంచింది.