ఇంట్లో సైక్లోన్

"సైక్లోన్ ఎట్ హోమ్, సర్. ఇయ్యాల రాలేను."

ఫోన్‌లో బాబురావు అన్న ఆ మాటను సూపరింటెండెంట్ రామ్‌చందర్ గదిలోంచి బయటికి వచ్చి మరీ అందరికీ వినిపించాడు. స్టోర్స్ ఆఫీసంతా గొల్లుమంది. నవ్వనిది వైకుంఠం ఒక్కడే.

"ఇంగ్లీషు గమ్మత్తుది వైకుంఠం," అన్నాడు రామ్‌చందర్ కళ్ళు తుడుచుకుంటూ. "సైక్లోన్ సముద్రంల లేసినా సైక్లోనే, వంటింట్ల లేసినా సైక్లోనే. మాట ఒక్కటే, నష్టం ఒక్కటే!"

"నష్టం నాకు సార్. ఆయన కౌంటర్ గూడ నేనే చూడాలె."

"పెండ్లాం గసుంటిది దొరికింది. ఆయన మాత్రం ఏం జేస్తడు?"

బాబురావు ఇటువైపు మనిషే, డెబ్బై ఎనిమిది వేసవిలో బెజవాడ నుంచి బదిలీ మీద వచ్చాడు. తల వంచుకొని పని చేసుకుంటాడు. చాయ్‌కి పిలిచినా రాడు. వానలు మొదలైనప్పటి నుంచి మాత్రం మబ్బు పట్టిందంటే మాయమవుతాడు. మొదటిసారి సెలవు ఎందుకని అడిగితే, ఇంగ్లీషంటే చెవి కోసుకునే రామ్‌చందర్ ముందు ఈ ముక్కే అన్నాడు. రామ్‌చందర్ అది పెళ్ళాంతో గొడవనుకొని పడీ పడీ నవ్వి సెలవు ఇచ్చేశాడు. బాబురావు నవ్వలేదు, కాదనీ అనలేదు. అప్పటి నుంచి, ఎవరూ కళ్ళతో చూడని అతని భార్యకు స్టోర్స్‌లో సైక్లోన్ అనే పేరు స్థిరపడిపోయింది.

వైకుంఠానికి ఆ పేరు వింటేనే ఒళ్ళు మండుతోంది. పోయిన వారం అతని తండ్రి సంవత్సరీకం. సెలవు మంజూరయింది కూడా. తెల్లవారేసరికి వాన. బాబురావు రాలేదు. రామ్‌చందర్ మొఘల్‌పురాలోని ఇంటికి మనిషిని పంపి, వైకుంఠాన్ని తడి ధోవతి మీదనే పిలిపించాడు. పని ముగించుకొని ఇల్లు చేరేసరికి బావ గుండయ్య పిండం పెట్టేసి వెళ్ళిపోయాడు. "కొడుకుండి అల్లుని చేత పెట్టించుకున్నడు మీ బాపు" అన్న తల్లి, ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు.

బయట గాలి లేచింది. రేకుల కప్పు దడదడలాడింది. వైకుంఠం తాళం చెవుల గుత్తి బల్ల మీద విసిరికొట్టాడు.

"నేను తీస్కొస్త సార్ ఆయనను. పెండ్లాం కొంగు వట్టుకొని కూసున్నోణ్ణి గల్ల వట్టి గుంజుకొస్త!"

"అరే భాయ్, లొల్లి చెయ్యకు..."

వైకుంఠం అప్పటికే సైకిల్ ఎక్కాడు. గౌలిపుర చేరేసరికి వాన కూడా అందుకుంది. గల్లీ మొగదల బర్రెలను కొట్టంలోకి తోలుతున్న ఒకామెను బాబురావు ఇల్లు ఎక్కడని అడిగాడు.

"గా ఒర్రుడు ఇనొస్తలేదా?" అంది ఆమె. "గదే ఇల్లు."

వినవచ్చింది. మూసిన తలుపుల వెనక ఒక ఆడగొంతు చీలిపోయేలా అరుస్తోంది. "వదలకు! చెయ్యి వదలకంటున్నానా!"

నిజంగా కొడుతున్నట్టే ఉంది అనుకున్నాడు వైకుంఠం. ఒక్క క్షణం బాబురావు మీద జాలి కలిగింది. వెంటనే తండ్రి పటం ముందు తల్లి తిప్పుకున్న ముఖం గుర్తొచ్చింది. తలుపు మీద దబదబా బాదాడు. బాబురావు తల్లి ఎల్లమ్మ తలుపు ఓరగా తీసింది.

"ఎవరు బిడ్డా?"

"పిలువు నీ కొడుకును! మగోడై పుట్టి పెండ్లానికి గింత భయమా? ఆయన ఇంట్ల దాక్కుంటే ఆఫీసుల మేం సావాల్నా? ఆయన మూలాన మా బాపుకు పిండం పెట్టలేకపోయిన!"

"మెల్లగ మాట్లాడు. నీ కాల్మొక్త, మెల్లగ మాట్లాడు."

"ఎందుకు మెల్లగ? ఆమె ఇనాలె. గల్లీ అంతా ఇనాలె!"

అతను తలుపు తోసుకొని లోపలికి అడుగు పెట్టాడు. అతని వెంటే గాలి ఇంట్లోకి దూరింది. గోడకున్న క్యాలెండర్ ఎగిరి పడింది. ఆడగొంతు కెవ్వుమంది.

"తలుపు!" అని గర్జించాడు బాబురావు. అతని గొంతు అంత పెద్దదని వైకుంఠానికి తెలియదు. "తలుపు మూయి ముందు!"

వైకుంఠం వెనక్కి తిరిగి తలుపు నెట్టి గడియ పెట్టాడు. అప్పుడు చూశాడు.

ఇంటి నడుమ గుంజను ఒక సన్నటి ఆడమనిషి కరుచుకొని ఉంది. బాబురావు వెనక నుంచి ఆమెను, గుంజను కలిపి రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒక చెయ్యి గుంజ చుట్టూ ఉంది. రెండో చెయ్యి కిందికి, మోకాలి ఎత్తులో, ఖాళీగా ఉన్న చోట దేన్నో పట్టుకున్నట్టు బిగుసుకుపోయింది.

"వదలకురా... చెయ్యి వదలకు..."

"వదల్లేదు," అన్నాడు బాబురావు ఆమె చెవిలో. "చూడు, ఎవరూ వదల్లేదు."

వైకుంఠం గడియ మీది చెయ్యి తీశాడు. "ఇట్లని ఎన్నడూ చెప్పకపోతివి?" అన్నాడు.

బాబురావు అతని వైపు చూశాడు. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి.

"చెప్పిన. ఫోన్ చేసినప్పుడల్లా చెప్పిన. మీరు నవ్విండ్రు."

కప్పు మీద వాన పెరిగింది. ఎల్లమ్మ వైకుంఠం తడి భుజం పట్టుకొని, కోడలికి వినపడకుండా గోడ వారకు తీసుకుపోయింది.

"దీనిది దివిసీమ, బిడ్డా. సముద్రం పక్క ఊరు. తుఫాన్ల పోయిన ఊర్లల్ల అదొకటి. పోయిన కార్తీకంల ఇద్దరు పిల్లలను తీస్కొని తల్లిగారింటికి పోయింది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒక్కతే వచ్చింది."