మంగళవారం దాకా

“తగ్గిందేటి?” అంది అప్పాయమ్మ, టికియాపారా రైల్వే క్వార్టర్ గుమ్మంలో కూర్చుని.

“మంగళవారం తగ్గుతాదమ్మా. విమానం టికెట్లు ఆ రోజే చవక,” అంది పుష్పరాణి ఫోన్ మీంచి తల ఎత్తకుండానే.

జ్వరంతో ఉన్న తమ్ముణ్ణి చూడాలని తల్లి తీయించుకున్న విజయనగరం రైలు టికెట్‌ను, మోకాళ్ల నొప్పులతో రైలెందుకు, విమానంలో వెళ్దామంటూ పోయిన వారం పుష్పరాణే రద్దు చేయించింది.

“సరేలే. మీ మావకీ అదే సెప్పినాను.”

“ఏటని?”

“మంగలారం దాకా ఎలాగోలా ఆగరా సూరీ అని. ఆసుపత్రోల్లు ఇంక ఇంటికి తీసుకెల్లిపొమ్మన్నారంట. ఆగుతానన్నాడు.”

పుష్పరాణి వేలు ఆగిపోయింది. “జ్వరమే అన్నావు కదమ్మా!”

“నిజం సెప్తే ఎంతైనా పోసి కొనీస్తావని...”

వారం రోజులుగా తను ఎవరి ఊపిరి మీద బేరమాడుతోందో పుష్పరాణికి అప్పుడు తెలిసింది. మర్నాటి ఉదయం విశాఖ విమానానికి రెండు టికెట్లు తీసేసింది. ధర నిన్నటికి రెట్టింపు.

“బట్టలు సర్దుకోమ్మా. రేపే ప్రయాణం.”

“ఏటి, తగ్గిపోనాదేటి?”

తల్లి ముఖంలోకి చూడలేకపోయింది. “ఇప్పుడే... సగానికి సగం తగ్గిందమ్మా.”

అప్పాయమ్మ ముఖం విప్పారింది.

“సూసినావా? ఆగబట్టే కలిసొచ్చినాది!”